పానశాల గడప దగ్గరే ఆగిపోయాం

మేళ్లచెరువు శంభులింగేశ్వరుడి తల మీద చిన్న బిలం ఉంది. అందులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. ఎంత తోడినా తరగవని, లింగం ఏటికేడు పెరుగుతోందని భక్తుల నమ్మకం. శివరాత్రి జాతరలో లోపల నమకచమకాలు సాగుతుంటే బయట ఎడ్ల పందేల కేకలు. ఇదే హుజూర్‌నగర్ నియోజకవర్గంలో, పాలకీడు మండలం జాన్‌పహాడ్‌లో, సైదులు దర్గా ఉంది. జనవరిలో ఉర్సు జరుగుతుంది, గంధం ఊరేగుతుంది. మొక్కు తీరినవాళ్లు కందూరు చేస్తారు: యాటను కోసి, వండి, ఫాతిహా ఇప్పించి, చుట్టపక్కాలను కూర్చోబెట్టి పెడతారు. ఆ పొయ్యిల దగ్గర హిందూ కుటుంబాలు తక్కువేం ఉండవు. పాత నల్లగొండ జిల్లాలో ఏ ఓటర్ల జాబితా తిరగేసినా సైదులు, సైదమ్మ, సైదయ్య, సైదిరెడ్డి అన్న పేర్లు వరసగా తగులుతాయి. సయ్యద్ అన్న అరబ్బీ మాటకు మన గౌరవ బహువచనం తగిలిస్తే సైదులు అయింది. సైదిరెడ్డిలో మొదటి సగం ఒక లోకానిది, రెండో సగం ఇంకో లోకానిది. ఆ పేరు పెట్టుకున్న ఇంట్లో గానీ పిలిచే ఊళ్లో గానీ ఎవరికీ అది వింతగా తోచదు. ఒక పుణ్యపురుషుణ్ని పొగడటం, ఆ పొగడ్తను బిడ్డ పేరులో దాచుకోవడం ఇక్కడి జనానికి ఇంత మామూలు సంగతి. మరి అదే పొగడ్తను వందల ఏళ్లపాటు పద్యంగా మలిచిన ఫారసీ సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి, చదువుకున్న తెలుగువాడు అందులోంచి దేవుణ్ని కూరలో కరివేపాకులా ఏరి పక్కన పెట్టాడు. ఇది మతాభిమానానికో లౌకిక దృష్టికో సంబంధించిన తప్పు కాదు. చదవడంలో జరిగిన తప్పు. దిద్దుకోవలసింది కూడా చదివేవాళ్లే, అనువాదం చేసేవాళ్లే.

ఫారసీ కవి ఒకరి పేరు చెప్పమంటే తెలుగు పాఠకుడి నోట ముందు వచ్చేది ఉమర్ ఖయ్యాం. అందుకు కారణం మనకు తెలిసినదే. ఎడ్వర్డ్ ఫిట్జెరాల్డ్ 1859లో ఇంగ్లీషులో అచ్చువేసిన రుబాయీలు లోకమంతా తిరిగి మన దాకా వచ్చాయి. ఆదిభట్ల నారాయణదాసు గారు ఫిట్జెరాల్డ్ పాఠాన్నీ ఫారసీ మూలాన్నీ పక్కపక్కన పెట్టుకుని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ దించారు; ఆ పుస్తకం 1932లో వచ్చింది. నెల్లూరు సీమ రైతుకవి దువ్వూరి రామిరెడ్డి ఫారసీ నేర్చుకుని మరీ ‘పానశాల’ రాశారు. పిఠాపురం ఉమర్ ఆలీషా మూలం నుంచే అనువదించారు. మన పాలమూరు బిడ్డ, హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన బూర్గుల రామకృష్ణారావు కూడా ఖయ్యాంను తెలుగు చేశారు. ఇంతమంది ఉద్దండులు ఒకే కవి మీద పడటం తెలుగు అదృష్టమే. కానీ దాని ఫలితం ఇంకోలా కూడా ఉంది. ఫారసీ అంటే సాకీ, మధుపాత్ర, గులాబీ తోట, రేపన్నది లేదన్న నిట్టూర్పు అని మనకు స్థిరపడిపోయింది. ఖయ్యాం తన కాలంలో గణితవేత్తగా, 1079 నాటి జలాలీ పంచాంగాన్ని సిద్ధం చేసిన పండితుల్లో ఒకడిగా పేరుపడ్డవాడు. ఆయన పేరున చెలామణీ అయ్యే రుబాయీల్లో నికరంగా ఆయనవి ఎన్నో పండితులు ఈనాటికీ తేల్చలేదు. అలాంటి ఒక్క కవిని గుమ్మంలో నిలబెట్టి ఇదే ఇల్లంతా అనుకున్నాం. ఈమధ్య రూమీ వచ్చాడు, ఆయన గతీ అంతే. ఫారసీ రాని అమెరికన్ కవి కోల్‌మన్ బార్క్స్ పాత ఇంగ్లీషు అనువాదాలను తిరగరాసిన తీరులో, ఖురాన్ వాసన చాలావరకు పోయిన రూమీ మనకు ఫోన్ తెరల మీద ప్రేమ సూక్తులుగా అందుతున్నాడు. ఆయన ‘మస్నవీ’ కావ్యంలో అడుగడుగునా ఖురాన్ వాక్యాలు, ప్రవక్త మాటలు అల్లుకుని ఉంటాయన్న సంగతి ఆ సూక్తులు పంచుకునేవాళ్లలో ఎందరికి తెలుసు?

అసలు ఇల్లు ఎలా ఉంటుందో చూద్దాం. ఫారసీలో పెద్ద కథాకావ్యాన్ని మస్నవీ అంటారు. అది సాధారణంగా కథతో మొదలుకాదు. ముందు హమ్ద్, అంటే దైవస్తుతి. తర్వాత మునాజాత్: కవి దేవుడితో ఏకాంతంగా చేసుకునే విన్నపం. ఆ పైన నాత్, ప్రవక్త ముహమ్మద్ ప్రశంస. చాలాసార్లు దానికి జోడుగా మేరాజ్, అంటే ప్రవక్త ఒక రాత్రి ఆకాశాలు దాటి దైవసన్నిధికి వెళ్లిన ప్రయాణ వర్ణన. అలీనో ఇమాములనో గురువులనో పొగిడితే అది మన్‌ఖబత్. ఆ తర్వాతే రాజు వస్తాడు. చివర్లో, ఈ పుస్తకం నేనెందుకు రాశానంటే అని ఒక భాగం. ఎవరో మిత్రుడు పురమాయించాడనో, లోపలి నుంచి ఒక పిలుపు వినబడిందనో. తెలుగు కావ్యం చదివే అలవాటున్నవాళ్లకు ఇక్కడ వేరే వివరణ అక్కర్లేదు. ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కలలో దేవుడో రాజో కనబడి కావ్యం అడగడం, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు... మన అవతారికకు ఫారసీ అవతారిక దాదాపు వియ్యపురాలు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేను అనడం లేదు. దేవుడికీ రాజుకూ మధ్య నిలబడి రాసే కవికి ఎక్కడైనా ఎదురయ్యే ఇరుకు ఒకటే కాబట్టి, దాన్ని దాటే మెట్లు కూడా ఒకేలా కట్టుకున్నారు. ఫిరదౌసి ‘షానామా’ రాజుల కథే అయినా దేవుడి పేరుతో, బుద్ధిశక్తి ప్రశంసతో మొదలవుతుంది. అంటే స్తుతి కావ్యానికి అంటించిన తోరణం కాదు, గడప. దాన్ని చించేసి లోపలి కథనో రుబాయీనో మాత్రం తెచ్చుకుంటే, పోతన భాగవతంలోంచి గజేంద్రుడి మొరను తీసేసి మొసలి పట్టు మాత్రం అనువదించినట్టు ఉంటుంది.

ఈ రెండు అవతారికలూ ఒకే కోటలో తారసపడ్డ కాలం మనకు ఉంది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా, రాజు కాకముందు విజయనగరంలో ఏడేళ్లు తలదాచుకున్నవాడు. తెలుగు కవులకు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు ‘యయాతి చరిత్ర’ను అంకితం చేశాడు. కృతిపతి నమాజు చేస్తాడు, కావ్యం హిందూ దేవతల స్తుతితో తెరుచుకుంటుంది. ఆ ఎదుట కూర్చున్నవాడికి అది అడ్డు కాలేదు. అదే దర్బారులో మరోవైపు ఫారసీ నడుస్తోంది. ఫారసీ లోకమంతా వాడుకున్న ‘బుర్హానె ఖాతె’ నిఘంటువు 17వ శతాబ్దం నడుమ అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో గోల్కొండలోనే తయారైంది. ఇబ్రహీం కొడుకు ముహమ్మద్ కులీ ఆ ఫారసీ అచ్చులనే తీసుకుని దక్కనీలో పోతపోశాడు. 1940లో డాక్టర్ జోర్ పరిష్కరించి ప్రచురించిన ఆయన కవితా సంపుటిలో హమ్ద్ ఉంది, నాత్ ఉంది, అలీ మీద మన్‌ఖబత్‌లు ఉన్నాయి, మొహర్రం శోకగీతాలు ఉన్నాయి; వాటి పక్కనే వసంతోత్సవం, వానకారు, ప్రియురాళ్ల వర్ణన. భక్తికి వేరే అలమర, శృంగారానికి వేరే అలమర ఆయనకు లేవు. అలమరలు మనం చేయించాం.

పొగడ్తలో కవిత్వం ఏముంటుంది, అంతా మూసే కదా అన్నది తరచూ వినే మాట. మూస ఉన్నమాట నిజం. చేతకాని కవుల చేతిలో నాత్ ఎంత విసుగో, చేతకాని శతకం కూడా అంతే విసుగు. కానీ మూసను చూసి కవిని కొట్టిపారేసే అలవాటు, అవధానాలకు టికెట్టు కొనుక్కుని వెళ్లే జాతికి తగదు. 12వ శతాబ్దంలో గంజా నగరంలో నిజామీ అనే మహాకవి ఉండేవాడు (మన నిజాములతో ఈయనకు ఏ చుట్టరికమూ లేదు). ఆయన ‘మఖ్జనుల్ అస్రార్’ అనే కావ్యం మొదలుపెడుతూ ఒక సాహసం చేశాడు. ఏ పనికైనా ముందు ముస్లింలు పలికే బిస్మిల్లా వాక్యాన్ని, ఖురాన్ తొలి వాక్యాన్ని, ఒక్క అక్షరం కదపకుండా మొదటి పాదంగా కూర్చోబెట్టాడు. అది అరబ్బీ వచనం. ఈయన రాస్తున్నది ఫారసీ ఛందస్సు. రెండో పాదంలో ఆ వాక్యమే జ్ఞాని ఖజానాకు తాళంచెవి అన్న అర్థం తెచ్చాడు. కావ్యం పేరే రహస్యాల ఖజానా కాబట్టి, మొదటి వాక్యంతో తలుపు తెరుచుకుంది. ఇది మూస అంటారా? ఇక అక్కడి నుంచి మొదలైంది పోటీ. ఢిల్లీలో అమీర్ ఖుస్రో, హెరాత్‌లో జామీ, ఇంకా ఎందరో అదే బిస్మిల్లాను మొదటి పాదంగా తీసుకుని రెండో పాదాన్ని తమ తమ తోవలో నింపుతూ వచ్చారు. ఒకే సమస్య, ఎందరో పూరకులు. దీన్ని సమస్యాపూరణం అనకుండా తెలుగువాడు ఉండగలడా! అర్థం ఖర్చయిపోయిన వాక్యానికి కొత్త ఊపిరి పోయడమే ఆ ఆట. భక్తి ఉన్నవాడికి అది ప్రార్థన, లేనివాడికి శిల్పం. కవి ఇద్దరికీ సరిపడా వండాడు.

ఖసీదా సంగతి ఇంకాస్త నిదానంగా చూడాలి. రాజును పొగడటానికి పుట్టిన ఈ దీర్ఘ కవితలో కవి నేరుగా రాజు దగ్గరికి పోడు. ముందు వసంతమో, తెల్లవారుజామో, దూరమైన చెలి జ్ఞాపకమో వర్ణిస్తాడు. చదువరి ఆ తోటలో మైమరచి ఉండగా ఒక్క పద్యంలో మలుపు తిప్పి పొగడ్తలోకి దిగుతాడు. ఆ మలుపుకు ‘గురేజ్‌గాహ్’ అని పేరు: జారుకునే చోటు అన్నమాట. పాట కచేరీలో రాగం పల్లవిలోకి దిగే క్షణం లాంటిది అది. రసికుడు ‘వాహ్’ అనేది అక్కడే. చివర దీవెన. ఈ పనిముట్టు మొత్తం రాజదర్బారుది. ఫారసీ కవులు చేసిన గొప్ప పనేమిటంటే ఆ పనిముట్టును అలాగే పట్టుకుని దాని మొనను రాజు నుంచి దేవుడి వైపు తిప్పడం. కొలువు ఉద్యోగి నాసిర్ ఖుస్రో 11వ శతాబ్దం నడుమ ఒక కల కని ఉద్యోగం వదిలేసి ఏడేళ్లు మక్కా, కైరో దారుల్లో తిరిగి వచ్చాక, మాటల ముత్యాలను అధికారం ముందు పోయనని తెగేసి చెప్పాడు. గజ్నీ ఆస్థానంలో పొగడ్తలు రాసిన సనాయీ ‘హదీఖా’ అనే భక్తి కావ్యం వైపు మళ్లాడు. ఇక్కడ పోతనను తలుచుకోని తెలుగువాడు ఉండడు. మనుజేశ్వరాధములకు ఇవ్వనన్న కవిని మనం ఊరూరా చెప్పుకుంటాం. ధూర్జటి రాజులను తిట్టిన తిట్లూ మనకు తెలుసు. మరి అదే మాట అన్న నాసిర్ ఖుస్రో మనకెందుకు తెలియదు?

ఇక్కడ నిజాయతీగా ఒక మాట ఒప్పుకోవాలి. అందరూ పోతనలు కారు. నిజామీ సైతం దేవుణ్ని, ప్రవక్తను పొగిడిన తర్వాత రాజు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. సనాయీ భక్తి కావ్యంలోనూ సుల్తాన్ బహ్రామ్ షాకు చోటుంది. అంచేత ఈ స్తుతి అంతా దర్బారీ ముఖస్తుతికి భక్తి పూత అని వాదించేవాళ్లకు ఆధారాలు దొరక్కపోవు. అయితే వరసను గమనించండి. రాజు ఎప్పుడూ మూడోవాడో నాలుగోవాడో. అతని కంటే ముందు అతన్ని పుట్టించినవాడు, చంపబోయేవాడు పద్యాల్లో కూర్చుని ఉన్నాడు. రాజు కళ్లముందే చదివిన కావ్యంలో రాజును వరసలో నిలబెట్టడం చిన్న విషయమేమీ కాదు. ఇంకో ఉదాహరణ ఉంది. ఇరాన్‌ను 1524 నుంచి 1576 దాకా ఏలిన షా తహ్‌మాస్ప్‌కు కాషాన్ కవి ముహ్‌తషమ్ ఖసీదా రాసి పంపితే, నన్ను కాదు, ఇమాములను పొగుడు, బహుమతి వాళ్ల దగ్గర తీసుకో అని షా జవాబిచ్చాడని, సఫవీల చరిత్ర రాసిన ఇస్కందర్ బేగ్ మున్షీ చెబుతాడు. దీన్ని రాజు భక్తి అనండి, పిసినారితనం అనండి, కొత్త షియా రాజ్యానికి కావలసిన ప్రచారం అనండి. మూడూ కాస్త కాస్త ఉండవచ్చు. కర్బలా మీద ముహ్‌తషమ్ రాసిన పన్నెండు దళాల శోకగీతం మాత్రం రాజకీయాన్ని ఎప్పుడో దాటిపోయింది. ఫారసీ తెలిసిన ప్రతిచోటా మొహర్రం నాడు అది ఏడిపించింది.

ఆ ఏడుపు తెలంగాణ పల్లెకు చేరిన తోవ ఆసక్తికరమైనది. ఫారసీ మర్సియా, అంటే శోకగీతం, దక్కనీలోకి వచ్చింది, దక్కనీ నుంచి పీర్ల కొట్టం వాకిట్లోకి వచ్చింది. అక్కడ తెలుగైంది. పీర్లకు దట్టీలు కట్టి, ఊదు వేసి, మలీద ముద్దలు పంచి, గుండం చుట్టూ అడుగులేస్తూ హసన్ హుసేన్‌ల కథను తెలుగులో పాడే జనంలో ఎక్కువమంది ముస్లింలు కారు. పాడేవాడికి కర్బలా ఇరాక్‌లో ఉందని తెలియకపోవచ్చు. దాహంతో చచ్చిపోయిన పసివాడి సంగతి తెలుసు. మెట్ట సేద్యం చేసేవాడికి దాహం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పండితుడు వదిలేసిన కవితా ప్రక్రియను పామరుడు నాలుగు వందల ఏళ్లు మోశాడు. పీర్ల పాటలను జానపదం అన్న సంచిలో వేసి, వాటి తల్లివేరు అయిన మర్సియాను పరాయిదన్న సంచిలో వేయడం విమర్శకుల సౌకర్యానికే తప్ప ఆ పాటను అర్థం చేసుకోవడానికి పనికిరాదు.

నాత్‌కు వేరే నియమం ఉంది. దేవుడి దగ్గర పిచ్చివాడివైనా ఫరవాలేదు, ప్రవక్త దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకో అని ఫారసీలో నానుడి. ప్రవక్త మనిషి, ఎక్కువ పొగిడితే దేవుడి పక్కన కూర్చోబెట్టినట్టవుతుంది, తక్కువ పొగిడితే అపచారం. ఎంత పొగడ్త చెల్లుతుందన్నది ముస్లింలలోనే ఇంకా తెగని తగవు. ఈ రెండు గోడల మధ్య సన్నని సందులో నడిచి చూపినందుకే ఫారసీ కవి ఖాఖానీ లాంటివాళ్లకు అంత పేరు. ప్రవక్త కాలంలో ఆయనను కీర్తించిన అరబ్బీ కవి హస్సాన్ పేరు మీదుగా ఖాఖానీని అరబ్బేతరుల హస్సాన్ అన్నారు. నానుడిలోని మొదటి సగం, దేవుడి దగ్గర పిచ్చితనం, మనకు ఇంకా దగ్గరది. నిషాపూరు అత్తార్ కావ్యాల నిండా దేవుడితో పోట్లాడే పిచ్చివాళ్లు ఉంటారు. ఒకడు ఆకలితో, చిరుగుబట్టలతో వీధిలో నిలబడి, ఖురాసాన్ అధికారి దాసులు పట్టుబట్టలతో గుర్రాలెక్కి పోతుంటే చూసి, ఆకాశం వంక తిరిగి, దాసుణ్ని ఎలా చూసుకోవాలో ఆ అధికారి దగ్గర నేర్చుకోవయ్యా అంటాడు. ఈ కథ రూమీకి ఎంత నచ్చిందో, తన ‘మస్నవీ’లో మళ్లీ చెప్పాడు. ఇప్పుడు గోల్కొండ చెరసాలలో కూర్చున్న కంచర్ల గోపన్నను, మన రామదాసును, తలుచుకోండి. 1672 నుంచి 1686 దాకా ఏలిన తానీషా కొలువులో తహశీల్దారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించి జైలుపాలైనవాడు. ఎవరికి ఏ నగ చేయించానో, ఎంత పోశానో పద్దు విప్పి రాముణ్ని నిలదీస్తాడు. కచేరీ లెక్కలు రాసిన చెయ్యి కదా, తిట్టులో కూడా జమాఖర్చు తప్పలేదు. నిందాస్తుతి తెలుగు సొత్తు అని మనం మురుస్తాం. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’ చదివాక మురవకుండా ఎలా ఉంటాం? కానీ రామదాసు పక్కన అత్తార్ పిచ్చివాణ్ని కూర్చోబెట్టి చదివితే రామదాసు విలువ తగ్గదు. బందీఖానాలోని భక్తుడి గొంతు ఎంత దూరం వినబడుతుందో తెలుస్తుంది.

ఇదంతా ఒక మతం సాహిత్యం, ఆ మతం వాళ్లు చదువుకుంటారు, మిగతావాళ్లకు ఎందుకన్నది ఇంకో అభ్యంతరం. దీనికి చర్చ కంటే మనుషులే మంచి జవాబు. హైదరాబాద్ సంస్థానానికి 1901 నుంచి 1912 దాకా, మళ్లీ 1926 నుంచి 1937 దాకా ప్రధానమంత్రిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ హిందువు. ‘శాద్’ అన్న కలంపేరుతో ఉర్దూలోనూ ఫారసీలోనూ రాశాడు; ప్రవక్త మీద నాత్‌లు రాశాడు. కొలువు మెప్పు కోసమని కొందరు అనవచ్చు. మెప్పు కోసం నిజాంను పొగిడితే సరిపోయేది కదా. ఎదుటి దిక్కు నుంచి షేక్ దావూద్ కవి ‘రసూల్ ప్రభు శతకం’ రాశారు. ఆ పేరులోని మూడు మాటలు చూడండి: రసూల్ అరబ్బీ, ప్రభు సంస్కృతం, శతకం పాల్కురికి సోమన కాలం నుంచి మన గుమ్మంలో ఉన్న ప్రక్రియ. అది నాత్ కాదంటే ఏది నాత్? నమ్మినవాడికే స్తుతి అర్థమవుతుందన్న మాటను మనం మన విషయంలో ఎన్నడూ ఒప్పుకోలేదు. పోతన పద్యం నాస్తికుడి నోట కూడా వినబడుతుంది, క్రైస్తవుల పిల్లలు బడిలో అప్పజెబుతారు. ఆ తలుపు ఒకవైపే తెరుచుకోవాలనడం న్యాయం కాదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. ఫారసీ పాలకుల భాష. 1880ల దాకా హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కాగితం ఆ భాషలోనే నడిచింది. తర్వాత ఉర్దూ వచ్చింది. తెలుగు బడికి చోటు లేకపోయింది. రజాకార్ల నాటి గాయాలు నల్లగొండ ఊళ్లలో ఇంకా పచ్చివే. ఈ నేల మీద నిలబడి ఫారసీని తలకెత్తుకోమంటే కోపం రావడం సహజం. అయితే ఆ కాలంలో తెలుగు కోసం నిలబడ్డవాళ్లు ఏం చేశారో చూడాలి. పాలమూరు వాడే అయిన సురవరం ప్రతాపరెడ్డి, తెలంగాణలో కవులు లేరన్న ఎత్తిపొడుపుకు 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. సంచికకు, తాను నడిపిన పత్రికకు ఆయన పెట్టుకున్న పేరు సుల్తానుల కోటదే. ఆ ఉద్యమంలోనే పెరిగిన బూర్గుల, ఆంధ్ర మహాసభలో తెలుగు కోసం మాట్లాడిన బూర్గుల, ‘పారశీక వాఙ్మయ చరిత్ర’ రాశారు. ఔరంగజేబు చంపించిన సూఫీ సర్మద్ రుబాయీలను తెలుగు చేశారు. అదే మనిషి శంకరాచార్యుల ‘సౌందర్యలహరి’నీ తెలుగువాళ్లకు అందించారు. ఫర్మానాకూ పద్యానికీ తేడా ఆయనకు తెలుసు. అసలు పాలకుడి భాషలోంచి తహశీలు, జమాబంది, దస్తావేజు, పహాణీ, రసీదు, ఫిర్యాదు అన్నీ ఉంచుకున్నాం. హుజూర్‌నగర్ పేరులోని హుజూర్‌ను ఎవరూ మార్చమనడం లేదు. పీడించిన కచేరీ మాటలు మిగుల్చుకుని, ఆ కచేరీనే ధిక్కరించి దేవుడితో మాట్లాడుకున్న కవుల మాటలు పారేసుకోవడం ఎలాంటి ప్రతీకారమో నాకు బోధపడదు.

అనువాదం కుదరదంటారా? కష్టమే. ఆదిలాబాద్ పండితుడు సామల సదాశివ హైదరాబాదీ కవి అమ్జద్ రుబాయీలను తెలుగు చేసి, ‘ఫారసీ కవుల ప్రసక్తి’ రాసి ఆ కష్టం ఎలా పడాలో చూపించి వెళ్లారు. ఖురాన్ సూచన ఒకటి, హదీసు ఒకటి, జ్యోతిషం ఒకటి, వైద్యం ఒకటి ఒకే పద్యంలో ఇరికించే ఖాఖానీ లాంటివాడికి టీక లేనిదే పని జరగదు. కానీ ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాలు అంటూ పద్యం చుట్టూ కంచె కట్టి చదవడం మనకంటే ఎవరికి అలవాటు? సురవరం పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం ఉంది, ఉస్మానియాలో ఫారసీ చెప్పే శాఖ ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఫారసీ రాతప్రతులు ఉన్నాయి. ఈ మూడిటి మధ్య దూరం సిటీ బస్సు దూరం. ఫారసీ మూలం తెలుగు లిపిలో ఒక పక్క, తెలుగు పద్యమో వచనమో ఎదుటి పేజీలో, కింద టీక: అలాంటి ఒక్క సంపుటి చాలు మొదలుపెట్టడానికి. నిజామీ హమ్ద్, ఖాఖానీ నాత్, అత్తార్ పిచ్చివాళ్ల పోట్లాటలు కొన్ని, ముహ్‌తషమ్ మర్సియా, దాని వెంటే నల్లగొండ, పాలమూరు పీర్ల పాటలు. చదివేవాళ్లు తక్కువే ఉంటారు, మంచి కావ్యాలకు ఎప్పుడు ఎక్కువమంది ఉన్నారు కనుక.

ఆ అనువాదకుడికి మొదటి పేజీలోనే చిక్కు వస్తుంది. నిజామీ మొదటి పాదం అరబ్బీ. దాన్ని తెలుగు చేస్తే సమస్యాపూరణం పోతుంది, అలాగే ఉంచితే తెలుగు పద్యంలో ఇమడాలి. తొమ్మిది అక్షరాల ఆ బిస్మిల్లా వాక్యాన్ని కాగితం మీద పెట్టి మన పద్ధతిలో గురులఘువులు వేసి చూస్తే వరసగా ఏడు గురువులు, ఒక లఘువు, మళ్లీ గురువు వస్తాయి: రెండు మగణాలు, ఒక రగణం. నిజామీ వాడిన ఫారసీ వృత్తంలో అది సరిపోయేది కూడా సరిగ్గా మూడు మూడు అక్షరాల ఈ విరుపుతోనే. కావ్యం ఏ గణంతో ఎత్తుకోవాలో మన లక్షణ గ్రంథాలు పట్టిక వేసి చెప్పాయి. మగణానికి అధిదేవత భూమి, ఫలం శుభం. శార్దూలం మొదలయ్యేది దానితోనే. అనువాదకుడు ఏ వృత్తం ఎంచుకుంటాడో గానీ, మొదటి మూడు అక్షరాలను మాత్రం కదపనక్కర్లేదు.